దివిసీమ ఉప్పెన – ఇరుగుపొరుగు ధర్మము

కృష్ణానది పులిగడ్డ యొద్ద రెండు పాయలుగా చీలి, సముద్రమును చేరులోపల ఆ పాయల నడుమ ఒక లంకను ఏర్పరచినది. అదియే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మున్నగు గ్రామములు ఇందు కలవు. పైభాగమున వరి పండు మాగాణములు, దిగువను ఉప్పునేలలు, మడ అడవులు, సముద్రపుటొడ్డున బెస్తపల్లెలు. మాఘపూర్ణిమనాడు హంసలదీవి యొద్ద సాగరసంగమమున స్నానమాడుటకు దూరగ్రామముల నుండి జనులు తరలివచ్చుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. నది తెచ్చిన ఒండ్రుమట్టియే ఈ సీమకు భాగ్యము. అట్టి మట్టితో ఏర్పడిన నేల సముద్రమట్టమునకు మిక్కిలి ఎత్తున లేకపోవుటయే దీనికి భయము.

తీరవాసులకు గాలివాన, తుపాను, ఉప్పెన అను మూడు మాటలు చిరపరిచితములు. మొదటి రెండును ఒక మనుష్యుడు తన జీవితకాలమున పలుమారులు చూచును. తాటాకు కప్పు ఎగిరిపోవును, చెట్లు కూలును, పంట నేలవ్రాలును. తెల్లవారినంతనే రైతు తడిసిన పనలను ఒబ్బిడి చేసికొనును. మూడవది అట్టిది కాదు. గాలిచేత నెట్టబడిన సముద్రమే గట్టుదాటి ఊరిమీదికి వచ్చుట ఉప్పెన. అది ఒక తరమువారికి కనబడి, తరువాతి రెండు మూడు తరములవారికి కనబడకుండవచ్చును. తాతలు చెప్పిన మాట మనుమలనాటికి కథగా మారును; మునిమనుమల నాటికి ఆ కథయు మాసిపోవును. దివిసీమకు 1977లో కలిగిన మహావిపత్తును అర్థము చేసికొనుటకు ఈ మరపును మొదట గ్రహింపవలెను.

పూర్వపు ఉప్పెనలు

గోదావరి ముఖద్వారమునందలి కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణమునకును, నౌకావ్యాపారమునకును పేరొందిన రేవు. 1789 డిసెంబరులో అచ్చట మూడు పెద్ద అలలు ఒకదాని వెనుక నొకటిగా వచ్చి ఊరిని ముంచెను. సుమారు ఇరువదివేలమంది మరణించిరని చెప్పబడుచున్నది. 1839 నవంబరులో మరల వచ్చిన తుపానుతో ఆ రేవు బాగుగా దెబ్బతిన్నది. పూర్వవైభవము దానికి మరల రాలేదు. కలకత్తాలో నివసించుచు సముద్రపు గాలివానలను గూర్చి పరిశోధించిన హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు కోరంగి విపత్తును గూర్చియు వ్రాసెను. సుడి తిరుగు ఈ గాలులకు ‘సైక్లోన్’ అను పేరును కల్పించినవాడు ఆయనయే. 1848లో ఆయన గ్రంథము ద్వారా ఆ పేరు లోకమున వ్యాపించెను.

తరువాత బందరు వంతు వచ్చెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము సుమారు పదుమూడడుగుల ఎత్తున పొంగి మచిలీపట్టణముపై పడెను. కోటలోని సైనికులు, పేటలోని వర్తకులు, చుట్టుపట్ల పల్లెలలోని కృషీవలులు భేదము లేక ఆ నీటికి చిక్కిరి. మృతులు సుమారు ముప్పదివేలు. ఈ వృత్తాంతమును గోర్డన్ మెకంజీ 1883లో ప్రకటించిన కృష్ణాజిల్లా మాన్యువలునందు చూడవచ్చును. బందరు కోటలోని దండు ఆ తరువాత అచ్చటినుండి ఎత్తివేయబడెను. అంతకు నెలదినముల ముందే, 1864 అక్టోబరులో, కలకత్తాను మరియొక ఘోరమైన తుపాను పాడుచేసియుండెను. ఇట్టి విపత్తులును, వాని వెనువెంట వచ్చిన కరవులును ప్రభుత్వమును కదలించెను. 1875లో భారత వాతావరణ శాఖ స్థాపింపబడుటకు ఇవియే కారణములు. కనుక నేడు ఆకాశవాణిలో వినబడు ప్రతి తుపాను హెచ్చరిక వెనుకను నాడు నీటిపాలైన వేలకొలది జనుల ఋణము కలదు.

బందరు ఉప్పెనకును దివిసీమ ఉప్పెనకును నడుమ నూటపదుమూడు సంవత్సరములు గడచెను. 1949లోను, 1969లో రెండుమారులును పెద్ద తుపానులు కోస్తాను తాకెను. ప్రాణనష్టము, పంటనష్టము కలిగెను. కాని 1864నాటి సముద్రమును చూచినవాడు ఒక్కడును 1977నాటికి జీవించియుండలేదు. తుపాను అనగా గాలియు వానయు అనియే జనులెరుగుదురు. ఆ ఎరుకయే వారిని మోసగించెను.

1977 నవంబరు 19

ఆ నవంబరు మాసమున బంగాళాఖాతము శాంతముగా లేదు. 12వ తేదీన ఒక తుపాను నాగపట్టణ ప్రాంతమును తాకి తమిళనాడునందు వందలకొలది ప్రాణములను బలిగొనెను. దాని కన్నీరు ఆరకముందే మరియొక వాయుగుండము సముద్రమున బలపడెను. అది తొలుత పడమరగా సాగి, పిదప ఉత్తరముగా మరలి ఆంధ్రతీరమునకు అభిముఖమయ్యెను. 19వ తేదీ శనివారము ఉదయమునకే దివిసీమయందు గాలి హెచ్చెను. సాయంకాలమునకు తుపాను కేంద్రము చీరాల సమీపమున తీరమును దాటెను.

కేంద్రము చీరాల యొద్ద దాటగా ఉప్పెన దివిసీమను ఏల ముంచినదని అడుగవచ్చును. మన అర్ధగోళమున తుపాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుదిశగా సుడి తిరుగును. అందువలన తుపాను సాగు మార్గమునకు కుడివైపున గాలి సముద్రము మీదినుండి నేలవైపునకు వీచును. ఎడమవైపున నేలమీదినుండి సముద్రమువైపునకు వీచును. చీరాలకు కుడివైపున, అనగా ఈశాన్యమున, ఉన్నది కృష్ణా ముఖద్వారము. అచ్చటి సముద్రము చాలదూరము వరకు లోతు తక్కువ. గాలి తరిమిన నీరు అడుగునకు పోవుటకు చోటులేక పైకి లేచును. తీరపు వంపు ఆ నీటిని ప్రక్కలకు పోనీయదు. కావుననే ఉప్పెన భయము తుపాను కన్ను దాటు ఊరికంటె దానికి కుడివైపున నున్న ఊళ్లకే అధికము. తీరవాసులలో ప్రతివారును ఎరిగియుండవలసిన విషయమిది.

నీరు సుమారు అయిదు మీటర్ల ఎత్తున వచ్చెను. అనగా పూరియింటి నడికొప్పును మించిన ఎత్తు. కొన్నిచోట్ల అది పది పదునైదు కిలోమీటర్ల మేర లోపలికి చొచ్చెను. పాలకాయతిప్ప, సొర్లగొంది, మూలపాలెము మున్నగు తీరగ్రామములు కనుమూసి తెరచునంతలో నీటిలో కలిసెను. తల్లి చేతిలోని బిడ్డ జారిపోయెను. తాటిచెట్టును పట్టుకొన్నవారిలో కొందరు దక్కిరి. దేవాలయములు, పక్కా భవనములు కొందరిని కాపాడెను. గుడిసెలలో నున్నవారికి ఎక్కుటకు ఎత్తైన చోటే లేదు. తెల్లవారిన పిమ్మట మిగిలినవారికి కనబడినది ఊరు కాదు. బురద, పశువుల కళేబరములు, ముండ్లకంపలకు చిక్కుకొన్న మనుష్యదేహములు.

ప్రభుత్వపు లెక్కలు మృతులను పదివేల పైచిలుకుగా చూపుచున్నవి. బ్రతికి బయటపడినవారి అంచనాలు ఇంతకంటె ఎంతయో హెచ్చు. ఈ వ్యత్యాసమునకు కారణము లేకపోలేదు. అది వరికోతల కాలము. పొరుగు ప్రాంతముల నుండి కూలికై వచ్చినవారు, చేపలవేటకై వచ్చి ఒడ్డున తాత్కాలికముగా పాకలు వేసికొన్నవారు అనేకులుండిరి. వారి పేర్లు ఏ గ్రామపు లెక్కలలోను లేవు. ఒక కుటుంబమంతయు పోయినచో, పోయినదని చెప్పువాడే ఉండడు.

హెచ్చరిక యుండియు

ఆకాశవాణి తుపాను వార్తను ప్రసారము చేయుచునే యుండెను. అయినను జనులు కదలలేదు. వారిని మూర్ఖులని తలచుట అన్యాయము. పేదవాని ఆస్తి ఒక పాక, రెండు గేదెలు, ఒక వల, నాలుగు గిన్నెలు. వానిని విడిచి పొమ్మనినచో ఎచ్చటికి పోవలెను? ఆ రాత్రికి చోటిచ్చువారెవరు? మరునాడు తిండి పెట్టువారెవరు? గాలివానలో చంటిబిడ్డలను ఎత్తుకొని మైళ్లకొలది బురదబాటలలో నడచుటకంటె, ఎరిగిన కప్పు క్రిందనే యుండుట మేలని ఎవరికైనను తోచును. తుపాను తమిళ తీరమునకో, మరి యెచ్చటికో పోవునను ఆశయు ఉండెను. అంతకుముందు ఎన్నో హెచ్చరికలు వచ్చి, గాలి కొంత వీచి, వాన కొంత కురిసి శాంతించియుండెను. ఎల్లప్పుడును బ్రతికి బయటపడిన అనుభవమే ఈమారు ప్రాణాంతకమయ్యెను.

అన్నిటికంటె ముఖ్యమైన లోపము మరియొకటి కలదు. తీరమున నివసించువారిని ముందుగా తమ ఊరికి రమ్మని పిలుచుట పైగ్రామములవారికి తోచలేదు. తోచకపోవుట కాఠిన్యము వలన కాదు. సముద్రము అంతటి పనిచేయునని వారును ఎరుగరు.

పొరుగువారి స్పందన

విపత్తు జరిగిన వెనుక పొరుగువారు చూపిన దయ సామాన్యమైనది కాదు. రహదారులు తెగిపోయెను. తంతితీగలు తెగిపోయెను. దివిసీమలో ఏమి జరిగినదో బయటిలోకమునకు తెలియుటకే కాలము పట్టెను. తెలిసినంతనే ఊరూరను పొయ్యిలు వెలిగెను. పులిహోర పొట్లములు, అటుకులు, పాతబట్టలు, దుప్పట్లు బండ్లమీదను, పడవలమీదను, తలలమీదను చేరసాగెను. బావులన్నియు ఉప్పునీటితో నిండిపోవుటచే త్రాగునీరే మొదటి అవసరమయ్యెను. సైనికులు హెలికాప్టర్లతో ఆహారమును జారవిడిచిరి.

అన్నిటికంటె కష్టమైన సేవ మృతదేహములను తొలగించుట. ఆ దుర్గంధమున, ఆ బురదలో, కులమేదో మతమేదో ఎంచక స్వచ్ఛంద సేవకులు శవములను మోసి సామూహికముగా దహనము చేసిరి, కొన్నిచోట్ల పూడ్చిరి. పరుని శవమును తాకుటకు జంకు సమాజమున ఇది జరిగినదని మరువరాదు. దివిసీమ ప్రతినిధియు, నాటి రాష్ట్ర మంత్రియు అయిన మండలి వెంకటకృష్ణారావుగారు బాధితుల నడుమనే యుండి సహాయ కార్యక్రమములను నడిపించిరి. 1997లో ఆయన గతించువరకు ఆ సీమవారు ఆయనను ఈ సేవతోడనే తలచుకొనుచుండిరి. నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావుగార్లు తోడి నటులతో కలిసి వీధులలో తిరిగి విరాళములు ప్రోగుచేసిరి. మదర్ థెరిసా దివిసీమను దర్శించెను. రామకృష్ణ మిషన్, రాష్ట్రీయ స్వయంసేవక సంఘము, క్రైస్తవ సంస్థలు, మరి యెన్నియో సంఘములు ఇండ్లు కట్టించుటకు పూనుకొనెను. ఒకరి సిద్ధాంతము ఒకరికి సరిపడనివారు సయితము ఆ బురదలో ఒకే పని చేసిరి.

అయితే కరుణకును హద్దులు కలవు. పొట్లములోని అన్నము ఆకలిగొన్నవానికి చేరును. పోయిన బిడ్డను తేలేదు. ఉప్పుపట్టిన నేల తిరిగి పంటకు వచ్చుటకు మంచినీటితో పలుమారులు కడుగవలెను. అంతవరకు రైతు పస్తులుండలేడు. కాగితమున్నవానికి పరిహారము సులభము. కౌలుదారునకును, కూలివానికిని, పేరే లెక్కలో లేనివానికిని అది దుర్లభము. తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లలకు దయ పదిదినములు చాలదు, పదేండ్లు కావలెను. తొలివారమున వెల్లువలా వచ్చిన సాయము నెలలు గడచినకొలది సన్నగిల్లుట లోకసహజము. అవనిగడ్డ ప్రాంతమున నిలిచిన స్మారకస్తూపము మృతులకు గౌరవము. బ్రతికియున్నవారికి కావలసినది వేరొకటి.

పదుమూడేండ్ల తరువాత

ఆ కావలసినదేదో 1990లో తెలిసెను. మే మాసపు తొలివారమున బంగాళాఖాతమున ఏర్పడిన తుపాను 1977నాటి దానికి బలమున ఏమాత్రము తీసిపోనిది. 9వ తేదీన అది సరిగా కృష్ణా ముఖద్వారపు ప్రాంతముననే తీరమును దాటెను. అదే సముద్రము, అదే పల్లపు నేల, అవే గ్రామములు. కాని ఈమారు మృతుల సంఖ్య వేయికి లోపు. 967 అని లెక్క. 1977లో పదివేల పైచిలుకు, 1990లో వేయికి లోపు. ఈ రెండు సంఖ్యల నడుమ నున్న తొమ్మిదివేలమందిని ఎవరు బ్రతికించిరి?

1977 తరువాత తీరమున తుపాను కేంద్రములు నెలకొల్పబడెను. ఎత్తైన స్తంభములపై పక్కా ఆశ్రయభవనములు కట్టబడెను. మామూలు దినములలో వానిలో పెక్కు పాఠశాలలుగా ఉపయోగపడెను. ఆకాశమున ఉపగ్రహములు, తీరమున రాడారులు తుపాను జాడను ముందుగానే చూపెను. ఇదంతయు సత్యము. అయినను యంత్రము చూపిన జాడ మనుష్యుని నడిపింపలేదు. సుమారు ఆరున్నర లక్షలమంది తీరమును విడిచి మెరకప్రాంతములకు తరలిపోయిరి. వారు పోగలుగుటకు రెండు కారణములు కనబడుచున్నవి. మొదటిది జ్ఞాపకము: 1977ను చూచినవారు ప్రతి ఇంటను ఉండిరి. ‘సముద్రము వచ్చునట’ అను మాటకు అర్థమేమో వారికి వేరుగా చెప్పనక్కరలేదు. రెండవది, వెళ్లుటకు ఒక చోటుండుట. బడి తలుపులు తెరువబడెను. గుడి మండపములు, సత్రములు, గిడ్డంగులు, రైతుల ఇండ్ల వసారాలు తెరువబడెను. అన్నము వండబడెను.

1977లో పొరుగువారి అన్నము ఉప్పెన వెనుక వచ్చెను. 1990లో ఉప్పెనకు ముందే సిద్ధమయ్యెను. దయ రెండుమారులును ఒకటియే. వేళలో మాత్రమే భేదము. ఆ భేదమే తొమ్మిదివేల ప్రాణములు.

మరపు అను శత్రువు

నేర్చిన పాఠము ఒక తావున నేర్చినంతమాత్రమున అన్ని తావులకును చేరదు. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపాను వేయిమందికి పైగా బలిగొనెను. అది స్వల్పకాలములోనే బలపడి రాగా, సముద్రముపై వేటకు పోయిన మత్స్యకారులెందరో తిరిగి రాలేదు. లక్షలకొలది కొబ్బరిచెట్లు నేలకూలెను. కొబ్బరి మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును గనుక ఆ గాయము చిరకాలము మానలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును చిందరవందర చేసెను. నగరమునకు నష్టము అపారము. ప్రాణనష్టము పూర్వపు ఉప్పెనలతో పోల్చిన స్వల్పము. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున, అనగా 1977నాటి మార్గమునకు చేరువనే, తీరమును దాటెను. తీరవాసులు ముందుగా తరలింపబడిరి. ప్రాణములు దక్కెను, చేతికి వచ్చిన వరి మాత్రము నీట మునిగెను. నేడు హెచ్చరిక చాలముందుగా వచ్చుచున్నది. ప్రతివాని చేతిలోని టెలిఫోనే దానిని వినిపించుచున్నది.

ఇందులో ఒక అపాయమును దాగియున్నది. 1977ను కన్నులార చూచినవారు ఏటేట తరుగుచున్నారు. నాడు చంటిబిడ్డగా తాటిచెట్టున దక్కినవానికి నేడు ఏబదియేండ్లు సమీపించుచున్నవి. ప్రాణనష్టము లేని తుపానులను మాత్రమే చూచిన యువకునకు ఉప్పెన యనగా తాతలనాటి కథ. 1864నకును 1977నకును నడుమ జరిగిన మరపు మరల జరుగుటకు వలసిన కాలము నడచుచునే యున్నది. పైగా అలల వేగమును కొంత అణచు మడ అడవులు పలుచోట్ల చేపల చెరువులకై, రొయ్యల చెరువులకై నరుకబడినవి. ఆశ్రయభవనములలో కొన్ని మరమ్మతు లేక పాడుపడినవి. వాడని తలుపు అవసరమునకు తెరచుకొనదు.

గ్రామము చేయదగినది

తుపానును ఆపుట మనుష్యుని వశము కాదు. చేయదగినవి మాత్రము కొన్ని కలవు. అవి ధనముకంటె శ్రద్ధను కోరునవి. ఊరిలో నడువలేని వృద్ధులెవరు, గర్భిణులెవరు, ఒంటరిగా నున్నవారెవరు, కూలికై వచ్చి పాకలలో నున్న పరదేశులెవరు అను విషయము ఎవరో ఒకరు ఎరిగియుండవలెను. హెచ్చరిక వచ్చినప్పుడు ఎవరి తలుపు ఎవరు తట్టవలెనో ముందుగా నిశ్చయించుకొనవలెను. మెరకనున్న ఊరు పల్లముననున్న ఏ ఊరికి ఆశ్రయమీయవలెనో రెండు ఊళ్లవారును కూర్చుండి మాటలాడుకొనవలెను. పశువులను ఎచ్చట కట్టవలెనో సయితము చెప్పుకొనవలెను. ఏలయన గేదెను విడువలేక ప్రాణము విడిచినవారు కలరు. పిలుపు లేనిదే అభిమానము గల పేదవాడు పరుల గడప ఎక్కడు. కనుక ముందుగా పిలుచుటయే పొరుగువారి మొదటి ధర్మము.

ఇక గ్రంథాలయము పని జ్ఞాపకమును కాపాడుట. ఇరువదియైదేండ్లు నిలిచిన గ్రామ గ్రంథాలయము ఒక తరమును చూచినట్లే. ఉప్పెన ఒక తరమున వచ్చి మూడు తరములు రాకుండవచ్చును. మనుష్యుని ఆయువు చాలనిచోట పుస్తకము ఆయువు కావలెను. 1977ను చూచినవారు ఇంకను ఊరూరను ఉన్నారు. నీరు ఎంతవరకు వచ్చినది, ఏ గోడ నిలిచినది, ఏ బాట తెగినది, ఎవరెవరు పోయిరి, ఎవరు ఎవరిని కాపాడిరి అను సంగతులను వారినోట విని వ్రాసి భద్రపరచుట ఇప్పుడే జరుగవలెను. లెక్కకెక్కని కూలివారి పేర్లలో ఒకటి రెండైనను అట్లు దక్కవచ్చును. ఆ పుస్తకమును ఏటేట నవంబరు 19వ తేదీన బడిపిల్లలచేత బిగ్గరగా చదివించినచో, వారిలో ఒకడు ఏ ముప్పదియేండ్ల తరువాతనో తుపానురాత్రి ముందుగా లేచి, పొరుగువాని తలుపు తట్టును.